మోటారు బండికి పుట్టినిల్లు

తెలుగునాట పూర్వము ఇల్లు కట్టుకొనువారు మనుష్యుల వసతితోపాటు ఎడ్లకును, బండికిని గూడ చోటు చూచుకొనెడివారు. కొన్ని జిల్లాలలో దానిని సావిడి యందురు, కొన్నింట కొట్టమందురు. అందు ఎడ్లును బండియు మాత్రమే యుండవు. చూరులో దోపిన కొడవలి, గూటిలో ఉలి, బాడిస, మూలను విరిగిన నాగలి, ఎప్పటికైన పనికివచ్చునని దాచిన ఇనుప పట్టాలు, మేకులు మున్నగునవెన్నియో అచ్చట చేరును. పొలము పని లేని దినములలో రైతు ఆ నీడను కూర్చుండి పగ్గము పేనుకొనును. పారకు పిడి వేసికొనును. వడ్రంగిని పిలువనక్కరలేని చిన్న మరమ్మతులన్నియు తానే చేసికొనును. పని చెడినను అడుగువారు లేరు. కుదిరినచో మెచ్చుటకు ఇంటివారు కలరు.

పాశ్చాత్యదేశములలోని మోటారు గారేజి ఈ సావిడికి దగ్గర చుట్టమే. నూట నలువది సంవత్సరములకు పైబడిన మోటారు వాహన చరిత్రలో ఆ చిన్న గది వహించిన పాత్ర పెద్ద కర్మాగారముల పాత్రకు తీసిపోదు. మోటారు బండి తొలి అడుగులు వేసినది పెరటి షెడ్డులో, పెరిగినది కర్మాగారములో, ముసలిదై ఎవరికిని అక్కరలేనిదైనపుడు మరల దానిని చేరదీసినది పెరటి షెడ్డే. ఆడపడుచునకు పుట్టినిల్లెట్టిదో, మోటారు బండికి ఆ షెడ్డు అట్టిది. ఆ రాకపోకల చరిత్రను గ్రహించినచో, అందు నిలిచియున్నది పాత యినుము కాదనియు, ఒక విధమైన విద్యయనియు తెలియగలదు.

జర్మనీదేశమున స్టుట్‌గార్టు నగరమునకు ఆనుకొని కాన్‌స్టాట్ అను ఊరుండెను. నేడది ఆ నగరములోనే భాగము. 1882లో గాట్లీబ్ డైమ్లర్ అను ఇంజనీరు అచ్చట ఒక తోటయిల్లు కొనెను. అంతకుముందతడు డాయిట్జ్‌లోని గ్యాసు ఇంజనుల కర్మాగారమున పెద్ద ఉద్యోగి. యాజమాన్యముతో పొసగక విడిచి వచ్చెను. అప్పటికతని వయస్సు 48 సంవత్సరములు. అతనితో విల్హెల్మ్ మేబాక్ అను సహచరుడును వచ్చెను. మేబాక్ బాల్యముననే తల్లిదండ్రులను కోల్పోయి అనాథాశ్రమమున పెరిగినవాడు. యంత్రముల పటములు గీయుటలో అసాధారణ ప్రజ్ఞావంతుడు. ఆ తోటలో మొక్కలకై కట్టిన అద్దాలగది యొకటి కలదు. వారిరువురును దానికి ఇటుకల గది నొకదానిని జతచేసి తమ కార్ఖానాగా మార్చుకొనిరి.

నాటి ఇంజనులు భారీయైనవి. కర్మాగారపు నేలకు బోల్టులతో బిగించి, ఊరి గ్యాసు గొట్టమునుండి ఇంధనము నందించి నడిపెడివారు. అవి నిమిషమునకు రెండువందల చుట్ల లోపే తిరిగెడివి. బండిపై నెక్కించుటకు తేలికగా నుండి, త్వరగా తిరిగి, ద్రవ ఇంధనముతో నడచు చిన్న ఇంజను కావలెనని డైమ్లర్ పట్టుదల. రేయింబవళ్ళు సుత్తి చప్పుడు వినవచ్చుచుండుటచే ఇంటి తోటమాలికి అనుమానము కలిగెను. తలుపులు మూసికొని ఇద్దరు మనుష్యులు లోహముతో చేయు రహస్యపు పని యేమై యుండును? దొంగనాణెములు కొట్టుచున్నారని యతడు పోలీసులకు తెలియజేసెననియు, వారు రాత్రివేళ తోటమాలి తాళపుచెవితో లోపలికి పోయి సోదా చేయగా ఇంజను భాగములును, పనిముట్లును తప్ప మరేమియు దొరకలేదనియు ఒక కథ ప్రసిద్ధము.

1883 నాటికే వారి ఇంజను నిమిషమునకు 600 చుట్లు తిరిగెను. 1885లో దానిని చిన్నదిగా చేసి, కొయ్య చట్రముగల రెండుచక్రముల బండికి అమర్చిరి. మోటారు సైకిలు చరిత్ర ఇచ్చటనే ఆరంభమైనదని పెక్కుమంది యభిప్రాయము. ఆ యేడు నవంబరులో డైమ్లర్ కుమారు లొకరు దానినెక్కి మూడు కిలోమీటర్ల దూరములోనున్న పొరుగూరికి పోయి వచ్చెను. మరుసటి యేట డైమ్లర్ ఒక గుఱ్ఱపుబండిని తెప్పించెను. భార్య ఎమ్మాకు పుట్టినరోజు కానుక యని చెప్పి చేయించిన ఆ బండి, గుఱ్ఱము లేకుండ నడచు నాలుగుచక్రముల వాహనమయ్యెను. 1887లో పని పెరిగి, వారు వేరొక చోట కర్మాగారమునకు తరలిరి. అచ్చటి కర్మాగారమున 1903లో జరిగిన అగ్నిప్రమాదమున ఆ తొలి రెండుచక్రముల బండి దగ్ధమైపోయెను. నేడు ప్రదర్శనశాలలలో కనబడునవి దాని నమూనాలు మాత్రమే. అది పుట్టిన తోటగది మాత్రము స్మారకముగా నిలిచియున్నది.

ఈ కథకు జోడైనది అట్లాంటిక్ ఆవలి ఒడ్డున, అమెరికాలోని డెట్రాయిట్ నగరమున జరిగెను. అచ్చటి ఎడిసన్ విద్యుద్దీపముల కంపెనీలో హెన్రీ ఫోర్డ్ అను యువకుడు ఇంజనీరుగా నుండెను. బాగ్లీ వీథిలో 58వ నంబరు ఇంటిలో అద్దెకున్నవాడు. 1893 క్రిస్‌మస్ ముందటి రాత్రి అతడు తన చేతులతో చేసిన చిన్న ఇంజనును వంటింటి తొట్టికి బిగించి నడిపి చూచెను. పండుగ వంటలో నున్న భార్య క్లారా దానిలో పెట్రోలును బొట్లుబొట్లుగా పోయవలసివచ్చెను. పక్కగదిలో కొద్ది వారముల పసిబాలుడు నిద్రించుచుండెను. ఇంజను దడదడ కొట్టుకొని నడచెను. అటుపైని పని వంటింటినుండి ఇంటి వెనుక బొగ్గులును, కట్టెలును దాచుకొను ఇటుకల కొట్టములోనికి మారెను.

పగలెల్ల ఉద్యోగము, రాత్రులు కొట్టములో పని; ఇట్లు మూడేండ్లు గడచెను. 1896 జూన్ 4వ తేదీ తెల్లవారకముందు బండి సిద్ధమయ్యెను. నాలుగు సైకిలు చక్రములు, రెండు సిలిండర్ల ఇంజను, రెండు వేగముల గేరు. వెనుకకు నడచు ఏర్పాటు లేదు. బరువు సుమారు 500 పౌనులు. ఇంతచేసి వెలుపలికి తీయబోగా బండి వెడల్పు కొట్టపు ద్వారమునకు మించియుండెను! తాను కట్టుచున్న బండి ద్వారము దాటునా యని ఆ మూడేండ్లలో అతనికి తోచనే లేదు. గొడ్డలి తీసికొని ఇటుకలు పడగొట్టి దారి చేసెను. సహచరుడొకడు ముందు సైకిలుపై పోవుచు దారిలోని వారిని హెచ్చరింపగా, నిద్రించుచున్న నగరవీథులలో బండి నడచెను. గోడ పడగొట్టినందుకు ఇంటి యజమాని మొదట కోపించినను, బండిని చూచిన పిమ్మట ఆ కంతకు వెడల్పైన తలుపులు పెట్టుటకు సమ్మతించెనని చెప్పుదురు.

ఈ రెండు కథలను పోల్చి చూచినచో పెరటి షెడ్డు చేసిన మేలు తెలియును. షెడ్డులో పైయధికారి లేడు, గడువు లేదు. చెడిన పనికి సంజాయిషీ లేదు. అయినను ఖర్చు లేదని కాదు. ఆ ఖర్చును భరించినది కుటుంబము. ఎమ్మా పేరు చెప్పి బండి వచ్చినది. క్లారా పెట్రోలు పోసినది. పొరుగువారి నిద్రయు కొంత చెడినది. వీని మించి మరియొక సంగతి కలదు. ఆ షెడ్డులో పనిచేసిన వాని చేతికి బండి మొత్తము తెలియును. ఏ మర ఎందుకు బిగించినది, ఏ చప్పుడు దేనివలన కలుగునది, అన్నియు ఒకే మనస్సులో నుండెను.

ఆ యేకత్వమును విడగొట్టినవాడు మరల ఆ ఫోర్డే యగుట చరిత్రలోని విచిత్రము. 1908లో అతని కంపెనీ టి మోడలు కారును విడుదల చేసెను. 1913లో హైలండ్ పార్కు కర్మాగారమున కదలుచుండు వరుస పద్ధతి నెలకొల్పిరి. బండి చట్రము పనివాని ముందునుండి కదలిపోవును. అతడు నిలుచున్న చోటనే నిలిచి తనకు నిర్ణయించిన ఒకటి రెండు పనులు మాత్రము చేయును. పూర్వము పండ్రెండున్నర గంటలు పట్టిన చట్రపు కూర్పు 1914 నాటికి 93 నిమిషములలో ముగియుచుండెను. 1927 వరకు కోటి యేబది లక్షలకు పైగా టి మోడలు కార్లు తయారయ్యెను. సామాన్యునకు కారు అందుబాటులోనికి వచ్చుట గొప్ప మేలు. కాని ఆ కర్మాగారమున కారు మొత్తము చేయనేర్చిన పనివాని యవసరము లేకపోయెను. ఒక మరను బిగించువాడు జీవితమంతయు ఆ మరనే బిగించును.

ఫోర్డునకును తన తొలి బండిపై మమకారము పోలేదు. 200 డాలర్లకు అమ్మివేసిన దానిని 1904లో 65 డాలర్లకు తిరిగి కొనెను. అతడు డియర్‌బోర్న్‌లో నెలకొల్పిన ప్రదర్శనశాలలో ఆ బండియు, బాగ్లీ వీథి కొట్టపు నమూనాయు నేడును చూడవచ్చును. అసలు కొట్టమున్న స్థలమున 1926లో మిషిగన్ థియేటర్ అను గొప్ప నాటకశాల వెలసెను. అది మూతపడిన పిదప, 1970ల చివర, దాని లోపలి భాగమును కార్లు నిలుపు చోటుగా మార్చిరి. మోటారు బండి తన పుట్టినచోటికే యిట్లు మరల వచ్చి చేరెను.

కార్లు అమ్ముడుపోసాగిన పిమ్మట వానిని ఎచ్చట నుంచవలెనను ప్రశ్న పుట్టెను. గారేజి యను మాట ఫ్రెంచివారిది. ఆశ్రయమున చేర్చుట యను నర్థము గల ధాతువునుండి వచ్చినది. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఇంగ్లీషులోనికిని, తరువాత మన భాషలలోనికిని ప్రవేశించెను. ధనికులు మొదట గుఱ్ఱపు శాలలనే మార్చి వాడుకొనిరి. పెట్రోలు వాసనయు, అగ్నిభయమును ఉండుటచే ఆ గదిని ఇంటికి దూరముగా కట్టెడివారు. ఆ దూరమే ఇంటి యజమానికి వరమయ్యెను. రాత్రి పొద్దుపోయినదాక సుత్తితో కొట్టినను ఇంటివారికి నిద్రాభంగము లేదు. చేతి మసి ఇంటి గోడలకు అంటదు. కారు నుంచుటకని కట్టిన గదిలో క్రమముగా పనిబల్ల వచ్చెను; బల్లకు వైసు వచ్చెను; గోడకు స్పానరులు వ్రేలాడెను. అమెరికాలోని రైతులు టి మోడలు కారు వెనుక చక్రమును పైకెత్తి, దానికి తోలుపట్టా తగిలించి, రంపమును, నీటిపంపును నడిపించుకొనిరి. కర్మాగారము విడదీసిన విద్యను సామాన్యగృహస్థుడు తన షెడ్డులో మరల కూర్చుకొనసాగెను.

ఇక బండ్లు ముసలివగుట మొదలయ్యెను. కొత్త మోడళ్ళు వచ్చినకొలది పాతవి కోళ్ళ గూళ్ళకును, గడ్డివాముల చాటునకును చేరెను. రెండు ప్రపంచయుద్ధములలోను ఇనుము కొఱకు కరగిపోయినవానికి లెక్క లేదు. వానిని కాపాడవలెనను తలంపు మొదట బలపడిన దేశములలో ఇంగ్లండు ముఖ్యము. మోటారు బండ్ల వేగముపై నున్న కఠిన నిబంధనలను సడలించిన సందర్భమున, 1896 నవంబరు 14న లండనునుండి బ్రైటనునకు కార్ల యాత్ర యొకటి జరిగెను. దాని జ్ఞాపకార్థము 1927లో పాత కార్లతో యాత్ర జరిపిరి. 1905కు పూర్వము తయారైన బండ్లు పాల్గొను ఆ యాత్ర నేటికిని ప్రతి నవంబరులో జరుగుచున్నది. 1930లో పాత కార్ల యజమానులు ఒక సంఘముగా నేర్పడిరి. 1953లో వచ్చిన జెనివీవ్ అను హాస్యచిత్రము, 1904 నాటి డారక్ కారునే నాయికగా జేసి, ఈ అభిరుచిని సామాన్యులలోనికి తీసికొనిపోయెను.

పాత బండిని బ్రదికించుట యనగా రంగు వేయుట కాదు. తెలిసినవాడు మొదట స్పానరు ముట్టడు. ప్రతి భాగమును ఉన్నదున్నట్లు చిత్రించుకొనును. విప్పిన ప్రతి మరను పేరు వ్రాసిన డబ్బాలో నుంచును. తుప్పుపట్టి సిలిండరులో బిగుసుకొనిపోయిన పిస్టనుపై పలుచని నూనె పోసి దినములకొలది వేచియుండును. తొందరపడి కొట్టినచో ఏబదియేండ్లు నిలిచిన పోతయినుము ఒక్క దెబ్బకు పగులును. దొరకని భాగమును లేతు మిషనుపై తానే తిప్పుకొనును, లేదా అచ్చు చేసి పోత పోయించును. ఇంజను నడచినదను సంతోషములో షెడ్డు తలుపులు మూసియుంచి నడిపించుటయు ప్రమాదమే. దాని పొగలో వాసన లేని విషవాయువు కలదు. మూసిన గదిలో కొద్ది నిమిషములలో ప్రాణము తీయగలదు. ఇన్ని జాగ్రత్తలును పుస్తకములలో కొంత దొరకును. మిగిలినది ఒకరి చేతినుండి మరియొకరి చేతికి రావలసినదే.

ఒక సాధారణమైన షెడ్డులో ఒంటరి మనుష్యుడు ఎంతవరకు పోగలడో తెలిసికొనుటకు న్యూజీలండులోని బర్ట్ మన్రో కథ చాలును. దక్షిణపు కొననున్న ఇన్వర్‌కార్గిల్ అతని ఊరు. 1920లో అతడొక మోటారు సైకిలు కొనెను. అమెరికాలో తయారైన ఆ బండి పేరు ఇండియన్. కర్మాగారమునుండి వెలువడినపుడు దాని గరిష్ఠ వేగము గంటకు 55 మైళ్ళు. 1926 మొదలుకొని మన్రో దానిని మార్చుచు వచ్చెను. డబ్బు తక్కువ, పరికరములు అంతకంటె తక్కువ. పాత పిస్టనులను కరగించి, డబ్బాలను మూసలుగా వాడి కొత్త పిస్టనులు పోత పోసికొనెను. పాత ట్రాక్టరు ఇరుసును ఆకురాయితో అరగదీసి కనెక్టింగు రాడ్లు చేసెను. చెడిపోయిన భాగములను పారవేయక, షెడ్డులో ఒక అలమరపై పేర్చి, అవన్నియు వేగదేవతకు నివేదనములని వ్రాసిపెట్టెను.

1962లో, అరువదిమూడేండ్ల వయస్సున, అతడు ఆ బండిని ఓడలో నెక్కించి అమెరికాలోని బానవిల్ ఉప్పుమైదానమునకు తీసికొనిపోయి తన తరగతిలో రికార్డు నెలకొల్పెను. 1967లో, అరువదియెనిమిదవ యేట, గంటకు 183 మైళ్ళకు పైగా వేగమును సాధించెను. ఆ లెక్కలో చిన్న పొరపాటున్నట్లు చాలకాలమునకు అతని కుమారుడు కనిపెట్టగా, 2014లో దానిని 184.087 మైళ్ళుగా సవరించిరి. మన్రో 1978లో మరణించెను. 2005లో అతని కథ చలనచిత్రముగా వచ్చినపుడు, బండి పేరును పురస్కరించుకొని, ప్రపంచమున మిక్కిలి వేగముగల ఇండియన్ అను అర్థమిచ్చు పేరు పెట్టిరి. ఆ ఇండియన్ మనదేశస్థుడని భ్రమించి టిక్కెట్టు కొన్నవారు లేకపోలేదేమో!

మనదేశమున ఇట్టి విద్యకు గుర్తుగా చెప్పదగినవాడు కోయంబత్తూరు జి. డి. నాయుడు. తమిళదేశమున స్థిరపడిన తెలుగు కుటుంబమున 1893లో జన్మించెను. బడిచదువు సాగలేదు. పల్లెలో ఒక ఆంగ్లేయోద్యోగి మోటారు సైకిలును చూచినది మొదలు దానిపైననే మనస్సు. హోటలులో సర్వరుగా పనిచేసి కూడబెట్టిన డబ్బుతో ఆ బండినే కొనెను. కొన్నది షికారు తిరుగుటకు కాదు. దానిని మరమరగా విప్పి మరల బిగించి, లోపలి రహస్యము తెలిసికొనుటకు. ఆ విప్పుటలో నేర్చినదే అతని విశ్వవిద్యాలయము. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచి-పళని మార్గమున సర్వీసు ప్రారంభించి, కొద్దికాలములోనే పెద్ద రవాణా సంస్థకు అధిపతి యయ్యెను. 1937లో కోయంబత్తూరున మనదేశపు తొలి విద్యుత్ మోటారు తయారగుటలోను అతని పాత్ర కలదు. 1974లో ఆయన గతించెను. ఆయన పేరిటి ధర్మసంస్థ 2015లో కోయంబత్తూరున పాత కార్ల ప్రదర్శనశాలను తెరచెను.

హైదరాబాదులో ఇందుకు భిన్నమైన దృశ్యము కానవచ్చును. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొఱకు తలపెట్టిన పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు 1912 నాటిది. అది చేరకముందే, 1911లో, ఆయన గతించెను. సింహాసనము వంటి పీఠముతో, వెండి బంగారు పనులతో అలంకరించిన ఆ కారు చాల తక్కువ మైళ్ళే నడచినది. చౌమహల్లా ప్యాలెస్‌లో దానిని చూచువారు ఆశ్చర్యపడుదురు. అదే నగరమున, బహదూర్‌పురాలో, సుధాకర్ అను ఔత్సాహికుడు బాల్యమున పాత సైకిలు భాగములతో ఆరంభించిన అభిరుచి పెరిగి, 2010లో సుధా కార్ మ్యూజియముగా తెరువబడెను. వంకాయ ఆకారమున, క్రికెట్ బ్యాటు ఆకారమున చేతితో చేసిన నడచు కార్లు అందు కలవు. నిజాము కారు వైభవమునకు సాక్షి; సుధాకర్ కార్లు చేతిపనికి సాక్షి. దేశచరిత్రకు రెండును కావలసినవే. కాని మొదటిదానిని కాపాడుటకు రాజభవనము కలదు. రెండవదానికి ఆశ్రయమిచ్చునది సామాన్యుని షెడ్డు తప్ప మరియొకటి లేదు.

ఢిల్లీలో పాత కార్ల ప్రదర్శనయాత్ర కొత్తది కాదు. స్టేట్స్‌మన్ పత్రిక ఆధ్వర్యమున 1964లో అది ఆరంభమయ్యెను. రాజధానిలోని తెలుగు కుటుంబములు పిల్లలను వెంటబెట్టుకొని చలికాలపు ఎండలో ఆ బండ్లను చూచి ముచ్చటపడుట కలదు. చూచువారికి కనబడునది మెరుగు; దాని వెనుకనున్న షెడ్డు కనబడదు. ఆ షెడ్డు యవసరము ప్రభుత్వ నిబంధనలనుండియే తేటపడుచున్నది. 1988 మోటారు వాహనముల చట్టము ననుసరించి సొంత కారు రిజిస్ట్రేషను మొదట 15 సంవత్సరములు చెల్లును. పిదప పరీక్షకు నిలిచినచో ఐదేండ్లకొకసారి పొడిగింపు. 2021 జూలైలో వెలువడిన నిబంధనలు వింటేజి వాహనములకు ప్రత్యేక రిజిస్ట్రేషను ఏర్పరచెను. తొలి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరములు దాటి, అసలు రూపు చెడకయున్న రెండుచక్రముల, నాలుగుచక్రముల వాహనములకు అది వర్తించును. రుసుము 20,000 రూపాయలు, నంబరులో వి. ఎ. అను అక్షరములుండును. ప్రదర్శనలకును, యాత్రలకును, మరమ్మతులకును తప్ప నిత్యోపయోగమునకు వానిని వాడరాదు.

ఈ రెండు నిబంధనల నడుమ 35 సంవత్సరముల యంతరము కలదు. పదునైదేండ్లు నిండిన కారు పాతది. ఏబదియేండ్లు నిండిన కారు వారసత్వము. ఆ నడిమి కాలమున దానికి విలువ లేదు, గౌరవము లేదు. పాతసామానువాడు తూకమునకు అడుగును. అప్పుడు దానిని వానలో తడవనీయక, ఎలుకలు తీగెలు కొరకకుండ కాపాడి, నెలకొకసారి ఇంజను తిప్పి చూచువా డొకడుండవలెను. సచివాలయపు మెట్లయొద్ద బారులు తీరిన తెల్లని అంబాసిడరు కార్లను ఎరుగని కేంద్రోద్యోగి యుండడు. 1950ల చివరినుండి ఉత్తరపారాలో తయారైన ఆ కారు ఉత్పత్తి 2014 మే నెలలో నిలిచిపోయెను. 15 సంవత్సరములు దాటిన ప్రభుత్వ వాహనముల రిజిస్ట్రేషనును పొడిగింపరాదను నియమము 2023 ఏప్రిలు 1నుండి అమలులోనికి వచ్చెను. వాయు కాలుష్యము దృష్ట్యా ఇది సమంజసమే. కాని చివరి అంబాసిడరు 2029లో పదునైదేండ్లు నిండి, 2064లో గాని వింటేజి కానేరదు. అర్ధశతాబ్దికి పైగా మంత్రులను, గుమాస్తాలను, పెండ్లికొడుకులను మోసిన ఆ బండిని మన మనుమలు చూడగలుగుదురా యనునది ఎవరో కొందరి ఇంటి షెడ్లపై నాధారపడియున్నది.

ఆ షెడ్లు తగ్గిపోవుచున్నవి. ఒకప్పుడు ప్రభుత్వ క్వార్టర్లలో కారు గారేజియు, స్కూటరు గారేజియు వేరుగా కేటాయించి లైసెన్సు ఫీజు వసూలు చేయు పద్ధతి ఉద్యోగులకు సుపరిచితము. స్కూటరు గారేజిలో స్కూటరుకన్న విరిగిన కుర్చీలును, పిల్లల పాత సైకిళ్ళును ఎక్కువగా నుండుటయు సుపరిచితమే. ఆదివారమునాడు తండ్రి ప్లగ్గు విప్పి మసి తుడుచుచుండగా కుమారుడు పక్కను నిలిచి స్పానరు అందించెడివాడు. నేడు ఎత్తైన భవనములలో కారునకు లభించునది గీతలు గీసిన చోటు మాత్రమే. అచ్చట సుత్తి మోగినచో సంఘమునకు ఫిర్యాదు చేరును. కొత్త కార్లలో గణకయంత్రము ప్రవేశించుటచే మూత తెరచినను ఇంటివానికి చేయదగినది తక్కువ.

ఈ లోటును గ్రహించిన దేశములు లేకపోలేదు. ఆస్ట్రేలియాలో 1990లలో పురుషుల షెడ్లు అను ఉద్యమము బయలుదేరెను. ఉద్యోగ విరమణానంతరము పని లేక, మాటలాడువారు లేక కుంగిపోవు వృద్ధుల కొఱకు ఊరుమ్మడి షెడ్లు నెలకొల్పిరి. పనిబల్లలు, పరికరములు అందరివి. ఒకరు కుర్చీ బాగుచేయుదురు, ఒకరు పాత ఇంజను విప్పుదురు. ఎదురెదురుగా కూర్చుండి మనస్సు విప్పలేనివారు పక్కపక్కను నిలిచి పనిచేయుచు విప్పుదురని నిర్వాహకులు గ్రహించిరి. 2007లో ఆ షెడ్లన్నింటికి జాతీయసంఘ మేర్పడెను. ఇతర దేశములలోనికిని ఆ పద్ధతి వ్యాపించెను.

మన కాలనీలలో భజనమందిరమునకు, గ్రంథాలయమునకు, ఆటస్థలమునకు చోటు దొరకుచున్నది. వాని పక్కను ఒక చిన్న గది, ఒక పనిబల్ల, ఒక వైసు, గోడకు కొన్ని పనిముట్లు అసాధ్యములు కావు. పదవీవిరమణ చేసిన ఇంజనీరును, గణితము తెలిసిన అకౌంట్సు ఆఫీసరును, సెలవులలో తోచక తిరుగు పిల్లవాడును అచ్చట కలిసికొందురు. మూలబడిన స్కూటరొకటి వారి ముందుండును. అది నడచునా లేదా యనునది తరువాతి మాట. దానిని మొత్తము విప్పి, మొత్తము బిగింపగల చేతులు మరునాటికి రెండు ఎక్కువగును. తాత సావిడిలో పారకు పిడి వేయుచుండగా చూచి మనుమడు నేర్చుకొన్న విధము అదియే కదా.